పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి రెండు మానిటర్లు: రెండూ 27 కర్వ్‌డ్ తీసుకోవచ్చా? (తిరుపతి, 45 వేల లోపల)

జరీఅంచు (తిరుపతి) – సోమవారం, ఉదయం 10:12

ఎడిటింగ్ బల్ల మీదికి రెండు మానిటర్లు తీసుకోవాలి. ఇప్పుడున్నది 22 అంగుళాల పాతది ఒక్కటే. టైమ్‌లైన్ పెద్దది చేస్తే ప్రివ్యూ అగ్గిపెట్టెంత అయిపోతుంది.

వివరాలు: ఐ5-13400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 3060, విండోస్ 11. సోనీ కెమెరా, 4కే, సెకనుకి 25 ఫ్రేములు, 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువ ఉండే ఫార్మాట్). కటింగ్ ప్రీమియర్‌లో, రంగుల పని డావించీ రిజాల్వ్‌లో. వీడియోలు చివరికి చేరేది పెళ్లివాళ్ల ఫోన్లకి, టీవీలకి, యూట్యూబ్‌కి. బల్ల పొడవు 4 అడుగులు, లోతు 2 అడుగులు. గదికి పడమటి కిటికీ ఉంది. రెండింటికీ కలిపి 45 వేలు.

కొట్లో 27 అంగుళాల కర్వ్‌డ్ రెండు చూపించారు: 1080పీ (1920×1080 పిక్సెళ్లు), వీఏ పానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం), 165 హెర్ట్జ్ (తెర సెకనుకి 165 సార్లు మారేది). రెండూ ఒకే రకం పెడితేనే బాగుంటుందన్నారు. తీసుకోమంటారా?

చిత్తూరుటైమ్‌లైన్ – సోమవారం, ఉదయం 10:40

వాటిని కొనబాక తమ్ముడూ. అవి ఆటలాడేవాళ్లకి.

27 అంగుళాల మీద 1080పీ అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే. ఒక్కో పిక్సెల్ 0.31 మి.మీ. ఉంటాది. రెండడుగుల దూరం నుంచి మెనూల్లో అక్షరాలు గరుగ్గా కనిపిస్తాయి, జరీ పోగుల్లాంటి సన్న గీతలు పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. క్లిప్పులో తప్పుందా, తెర చేసే మాయా అని తెలియదు. అదే 27లో 2560×1440 తీసుకుంటే అంగుళానికి 109. విండోస్ స్కేలింగ్ (అక్షరాలు, మెనూల సైజు) 100% మీదే ఉంచుకుని హాయిగా పని చేసుకోవచ్చు.

కర్వ్‌డ్ ఇంకో తంటా. మండపం స్తంభం నిటారుగా ఉందా, హొరైజన్ వంగిందా అని చూసేటప్పుడు వంపు తెర మీద కంటికి నమ్మకం కుదరదు. తెర చదునుగా ఉండాల.

రెక్709 – సోమవారం, ఉదయం 11:25

"రెండూ ఒకే రకం" అన్న మాట దగ్గరే లెక్క తప్పుతోంది. ఎడిటింగ్‌లో రెండు తెరలకి రెండు వేర్వేరు పనులు. ఒకటి బొమ్మని నమ్మకంగా చూపాలి. రెండోది బిన్లు (క్లిప్పుల ఫోల్డర్లు), ఎఫెక్ట్ కంట్రోల్స్, స్కోపులు (వెలుతురు, రంగులు కొలిచి చూపే గ్రాఫులు), ఆడియో మిక్సర్ చదవడానికి వీలుగా ఉంటే చాలు. 45 వేలని సగం సగం పంచితే రెండూ అరకొరగా వస్తాయి. మూడొంతులు మొదటి దాని మీద పెట్టండి, మిగిలింది రెండో దానికి.

మొదటి దాంట్లో చూడాల్సినవి, నా దృష్టిలో ముఖ్యమైన వరుసలో:

ఐపీఎస్ పానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం). వీఏకి కాంట్రాస్ట్ 3000:1 దాకా వస్తుంది, మామూలు ఐపీఎస్‌కి 1000:1 మాత్రమే. కానీ వీఏలో కన్ను కాస్త పక్కకి జరిగితే నీడలు తెల్లబోతాయి. 27 అంగుళాల తెర ఎదురుగా కూర్చుంటే అంచులు ఎలాగూ పక్క కోణంలోనే ఉంటాయి. పెళ్లికూతురు జడ ఫ్రేము మధ్యలో ఒక నలుపు, అంచుకి వచ్చేసరికి ఇంకో నలుపు. దాన్ని చూసి నీడలు ఎత్తాలో దించాలో తేల్చలేరు.

రెక్ 709 (టీవీ వీడియో రంగుల ప్రమాణం) లేదా ఎస్ఆర్‌జీబీ (కంప్యూటర్ తెరల ప్రమాణం) 100% దగ్గర. ఈ రెండింటి ప్రాథమిక రంగులు ఒకటే, తేడా గామాలో (నలుపు నుంచి తెలుపుకి వెలుతురు పెరిగే తీరులో). బాక్సు మీద "డెల్టా ఈ 2 కంటే తక్కువ" (రంగులో తప్పు ఎంతో చెప్పే కొలత) అని ఉండి, లోపల ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ కాగితం వచ్చేది తీసుకోండి.

వైడ్ గామట్ (ఎక్కువ రంగులు చూపేది) అని ఎగబడకండి. "95% డీసీఐ-పీ3" అని రాసి ఉండి, ఎస్ఆర్‌జీబీ మోడ్ సరిగ్గా లేని మానిటర్ మీ పనికి కీడే. దాని మీద కుంకుమ ఉన్నదానికంటే మండుతూ కనిపిస్తుంది. మీరు ఎరుపు తగ్గిస్తారు. ఆ వీడియో ఫోన్లో చూసినవాళ్లకి కుంకుమ ఇటుకపొడిలా ఉంటుంది. ఎస్ఆర్‌జీబీ మోడ్ ఉన్నా, అది పెట్టగానే కొన్ని మానిటర్లలో వెలుతురు మార్చనివ్వదు. కొట్లోనే మెనూ తెరిచి చూసుకోండి.

మీ బడ్జెట్ వైపు ఉదాహరణ: అసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీ. 27 అంగుళాలు, 1440పీ, ఐపీఎస్, 100% రెక్ 709, 75 హెర్ట్జ్. అదే కొనమని కాదు, ఆ కొలతలకి తగ్గకుండా చూడండి.

అలిపిరిమెట్టు – సోమవారం, మధ్యాహ్నం 12:05

4కే ఫుటేజ్ తీస్తూ 1440పీ తెర ఎందుకు? 27 అంగుళాల 4కే ఒకటి తీసుకుని, ఉన్న 22నే పక్కన పెట్టుకోవచ్చుగా. ఫోకస్ చూడ్డానికి 4కేని మించింది లేదు. పీఏ279సీవీ, డెల్ యూ2723క్యూఈ లాంటివి చూడండి.

రెక్709 – సోమవారం, మధ్యాహ్నం 12:30

మంచి మాటే. యూ2723క్యూఈది ఐపీఎస్ బ్లాక్ పానెల్, కాంట్రాస్ట్ 2000:1. నలుపు మామూలు ఐపీఎస్ కంటే స్పష్టంగా మెరుగు. కానీ రెండు సంగతులు.

27 అంగుళాల 4కే అంటే అంగుళానికి 163 పిక్సెళ్లు. 100% స్కేలింగ్‌లో మెనూలు చదవలేం, 150% పెట్టాలి. అప్పుడు ప్యానెళ్లు పరుచుకునే చోటు సరిగ్గా 2560×1440 అంతే అవుతుంది. అంటే టైమ్‌లైన్‌కి అదనంగా చోటు రాదు, ప్రివ్యూ మాత్రం మరింత స్పష్టంగా ఉంటుంది. రెండోది, పక్కన 100%లో 1080పీ తెర ఉంటే విండో ఒకదాన్నుంచి ఇంకోదానికి లాగినప్పుడల్లా సైజు మారుతుంది, మౌస్ గెంతుతుంది. వాడలేనంత కాదు, చిరాకు.

ఫోకస్ అంటారా, 1440పీలో కూడా ప్రివ్యూ జూమ్ "ఫిట్" నుంచి 100%కి మారిస్తే పిక్సెల్‌కి పిక్సెల్ కనిపిస్తుంది. కనురెప్పల దగ్గర చూసుకుని మళ్లీ ఫిట్‌కి వస్తే సరి.

జరీఅంచు – సోమవారం, మధ్యాహ్నం 12:48

పాత 22ది టీఎన్ పానెల్ (చవక రకం). వీజీఏ (పాతకాలపు వైరు సాకెట్) ఒక్కటే ఉంది. పనికొస్తుందా?

వైరుమేస్త్రి – సోమవారం, మధ్యాహ్నం 1:10

రాదు సామీ. 3060 కార్డుకి వీజీఏ లేదు, డిస్‌ప్లేపోర్ట్ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కావాలి. టీఎన్ పానెల్ కోసం ఆ ఖర్చు దండగ. దాన్ని సీసీ కెమెరాకి ఇచ్చేయండి.

ఇంకోటి. మీది "ఎఫ్" ప్రాసెసర్, లోపల గ్రాఫిక్స్ లేవు. మదర్‌బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎమ్ఐలో వైరు పెడితే బొమ్మే రాదు. రెండు తెరలూ గ్రాఫిక్ కార్డుకే తగిలించాలి. మొదటి మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి, రెండోది హెచ్‌డీఎమ్ఐకి.

డిస్‌ప్లేపోర్ట్ వైరు బాక్సులో వచ్చిందే వాడండి, రెండు మీటర్లు మించనివ్వకండి. 20వ పిన్ను కలిపేసిన నాసిరకం వైర్లు ఉన్నాయి, వాటితో మానిటర్ నుంచి కార్డుకి కరెంటు ఎదురెక్కి పీసీ సరిగ్గా ఆన్ కాదు.

రేపు ఎప్పుడైనా 4కే తీసుకుంటే గుర్తుపెట్టుకోండి: హెచ్‌డీఎమ్ఐ 1.4లో 4కే 30 హెర్ట్జ్ మాత్రమే. 2.0లో 60 వస్తుంది గానీ ఆర్‌జీబీ 8 బిట్‌కే. 10 బిట్ కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ గానీ హెచ్‌డీఎమ్ఐ 2.1 గానీ ఉండాలి.

చిత్తూరుటైమ్‌లైన్ – సోమవారం, మధ్యాహ్నం 2:30

బల్ల కొలత ఎవరూ పట్టించుకోలేదే. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెం.మీ. రెండు 27లు పక్కపక్కన పెడితే అంచులు కలిపి 122 సెం.మీ. దాటుతాది. నాలుగు అడుగుల బల్లంటే 122. స్పీకర్లు యాడ పెడతావు? 27 పక్కన 24 (నిజానికి 23.8) పెడితే 60 + 53, అంటే 113. స్పీకర్లకి మాత్రం అప్పుడూ చోటు చాలదు, గోడకి బిగించుకో.

తెరల మధ్య అతుకు ముక్కుకి ఎదురుగా రానీబాక. 27ని నేరుగా ముందర పెట్టి, 24ని పక్కన 30 డిగ్రీలు లోపలికి తిప్పు. కంటికీ తెరకీ 60–70 సెం.మీ. ఉండాల. లోతు రెండు అడుగులే కాబట్టి స్టాండు కాళ్లు కీబోర్డు చోటు తినేస్తాయి. వెనక 100×100 మి.మీ. వెసా రంధ్రాలు (ఆర్మ్ బిగించేవి) ఉండే మానిటర్ తీసుకుని ఆర్మ్ బిగిస్తే ఆ బాధ పోతాది. అద్దం బల్లకి మాత్రం ఆర్మ్ క్లాంప్ పెట్టబాక, పగులుతాది. పార్టికల్ బోర్డయితే క్లాంప్ కింద ఒక ఇనప రేకు వెయ్యి.

చంద్రగిరికోట – సోమవారం, సాయంత్రం 4:15

హెర్ట్జ్ ఎక్కువుంటే ఎడిటింగ్‌కి లాభం లేదు కదా? 60 చాలు అంటారు అందరూ.

రెక్709 – సోమవారం, సాయంత్రం 5:02

ఎక్కువా తక్కువా కాదు, భాగిస్తే శేషం లేకుండా పోతుందా అన్నది ముఖ్యం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, సీరియల్ సెట్లు మిణుకుమనకుండా ఉండాలని ఇక్కడ పెళ్లిళ్లు 25 ఫ్రేముల్లో తీస్తారు. 25 ఫ్రేముల క్లిప్పుని 60 హెర్ట్జ్ తెర మీద వేస్తే లెక్క కుదరదు: కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపిస్తాయి. ఊరేగింపు మీద కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్ చూడండి, కుదుపు తెలుస్తుంది. అది క్లిప్పు లోపం అనుకుని కొందరు అనవసరంగా ఫ్రేమ్ బ్లెండింగ్ (పక్క ఫ్రేములని కలిపేసే ఎఫెక్ట్) వేస్తుంటారు.

75 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడుసార్లు. 100లో నాలుగుసార్లు. 50లో రెండుసార్లు. డిస్‌ప్లే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 75 లేదా 50 ఎంచుకోండి. 165 హెర్ట్జ్ కూడా 25తో భాగించబడదు. అడాప్టివ్ సింక్ (తెర హెర్ట్జ్ దానంతటదే మారే సదుపాయం) ఉంటే ఆపేయండి.

చంద్రగిరికోట – సోమవారం, సాయంత్రం 5:10

ఇదెక్కడా చదవలేదు సార్. 60లో ఉన్నదాన్ని 50కి మార్చి చూశాను. గరుడసేవ క్లిప్పులో పక్కకి జరిగే షాట్ కుదుపు తగ్గింది.

జరీఅంచు – సోమవారం, రాత్రి 8:20

10 బిట్ ఫుటేజ్ కదా, 10 బిట్ మానిటర్ లేకపోతే నష్టమా? హెచ్‌డీఆర్400 (వెలుగునీడల తేడా ఎక్కువ చూపుతుందనే గుర్తు) అని స్టిక్కర్ ఉన్నవి కూడా చూపిస్తున్నారు.

రెక్709 – సోమవారం, రాత్రి 9:05

10 బిట్ లాభం ముఖ్యంగా ఫుటేజ్‌లో. లాగ్‌ని (కాంట్రాస్ట్ తగ్గించి తీసే ఫుటేజ్‌ని) సాగదీసినా గీతలు పడకుండా ఉండేది అందుకే. తెర 8 బిట్ అయినా ఆ లాభం పోదు. రిసెప్షన్ స్టేజీ వెనక ఎల్ఈడీ నీలం నుంచి నలుపులోకి జారే చోట మాత్రం 8 బిట్ తెర మీద సన్నటి మెట్లు కనిపించొచ్చు. అవి ఫైలులో ఉన్నాయా, తెరలోనా అని తెలియాలంటే ఆ చోట 200% జూమ్ చేసి స్కోపు చూడండి. వేవ్‌ఫామ్ (వెలుతురు గ్రాఫు) నున్నగా ఉంటే ఫైలు బాగానే ఉన్నట్టు. మార్కెట్లో "10 బిట్" అనేవాటిలో చాలా భాగం 8 బిట్ + ఎఫ్‌ఆర్‌సీ, అంటే పక్కపక్క రెండు ఛాయల మధ్య వేగంగా మారుతూ మూడోదాన్ని భ్రమింపజేసేవి. వాటితో ఇబ్బందేమీ లేదు.

హెచ్‌డీఆర్400 స్టిక్కర్‌కి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. లోకల్ డిమ్మింగ్ (భాగాల వారీగా వెలుతురు తగ్గించడం) లేని పానెల్‌కి కూడా ఆ గుర్తు వస్తుంది. విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే మామూలు వీడియో వెలిసినట్టు కనిపిస్తుంది. ఆపేసి ఉంచండి. నైట్ లైట్, మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, బ్లూ లైట్ ఫిల్టర్, అన్నీ ఆపాలి.

ఓఎల్ఈడీ ఎవరైనా చెప్తే: నలుపు అద్భుతం, కానీ రోజుకి పది గంటలు టైమ్‌లైన్ ప్యానెళ్లు కదలకుండా ఒకేచోట ఉంటాయి. బర్న్-ఇన్‌కి (కదలని బొమ్మ తెర మీద మచ్చగా మిగిలిపోవడానికి) అంతకంటే అనువైన బొమ్మ ఉండదు.

మామిడిగుజ్జు (చిత్తూరు) – మంగళవారం, ఉదయం 9:30

మధ్యలో దూరుతున్నా, మ్యాక్‌బుక్ ఎయిర్ ఎమ్1కి రెండు మానిటర్లు వస్తాయా?

వైరుమేస్త్రి – మంగళవారం, ఉదయం 9:44

ఎమ్1, ఎమ్2 ఎయిర్‌లకి బయట ఒక్కటే. ఎమ్3 ఎయిర్‌కి మూత మూస్తే రెండు, ఎమ్4కి మూత తెరిచే రెండు. డిస్‌ప్లేపోర్ట్ గొలుసు కట్టినా మ్యాక్‌లో రెండో తెర మీద మొదటి దాని నకలే వస్తుంది. దీనికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

చిత్తూరుటైమ్‌లైన్ – మంగళవారం, ఉదయం 10:15

కొనేటప్పుడు కొట్లో చెయ్యాల్సింది చెప్తా. వాళ్లు వేసే నెమలి వీడియో చూసి మోసపోబాక. దాని మీద ఏ తెరైనా బాగుంటాది. పెన్‌డ్రైవ్‌లో నీ క్లిప్పే తీసుకుపో: తలంబ్రాల షాట్ ఒకటి చాలు. అందులో అన్నీ ఉంటాయి. పసుపు బియ్యం, ఎర్ర కుంకుమ, తెల్ల పంచె, జరీ అంచు, నల్ల జుట్టు. పంచెలో మడతలు కనిపించాల, ఒకే సున్నపు ముద్దలా ఉండకూడదు. జరీలో మెరుపు ఉండాల, కానీ పసుపు మచ్చలా కరిగిపోకూడదు. జుట్టులో పోగులు తెలియాల. పసుపు ఆకుపచ్చ వైపు లాగితే ఆ ముక్క వద్దు.

దాంతోపాటు ఆరు బొమ్మలు పెట్టుకో: నిండు నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఇంకా 5% బూడిద. మొదటి ఐదింట్లో చచ్చిన పిక్సెళ్లు దొరుకుతాయి. 5% బూడిదలో మూలలు మురికిగా, మబ్బుగా ఉంటే కనిపిస్తాది. నలుపు తెర మూలల్లో వెలుగు కారడం ఫోన్ కెమెరాతో తీసి చూడబాక, కెమెరా పది రెట్లు చేసి చూపిస్తాది. కంటితో చూడు.

బాక్సు విప్పి చూపించమంటే ఒప్పుకోకపోతే ఇంకో కొట్టుకి పో.

అలిపిరిమెట్టు – మంగళవారం, ఉదయం 11:00

చెన్నై రిచీ స్ట్రీట్‌లో తక్కువకి వస్తుంది, పొద్దున రైలెక్కితే చాలు అనేవాళ్లకి ఒక మాట. జీఎస్టీ నంబరుతో స్టూడియో నడిపేవాళ్లయితే బిల్లు జాగ్రత్త. తమిళనాడు సీజీఎస్టీ + ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లు మీద ఆంధ్రా నంబరుకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మన పన్నులో సర్దుకునే వీలు) రాదు. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద పన్ను) వేసిన బిల్లు కావాలి. మానిటర్ మీద 18% కాబట్టి, ఆ క్రెడిట్ పోతే చెన్నైలో మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారుల పన్ను పద్ధతిలో) ఉన్నవాళ్లకి క్రెడిట్ ఎలాగూ లేదు, వాళ్లకి ఈ లెక్క అక్కర్లేదు. వారంటీ ఇంటికొచ్చి చూస్తారా, మనమే మోసుకెళ్లాలా అన్నది కూడా అడిగి కొనండి.

జరీఅంచు – బుధవారం, సాయంత్రం 6:30

అన్నలందరికీ థాంక్స్. 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ 75 హెర్ట్జ్ ఒకటి, 24 అంగుళాల 1080పీ ఐపీఎస్ 100 హెర్ట్జ్ ఒకటి తీసుకున్నా. బిగించాను. రెండు సమస్యలు: 24 మీద నలుపు బూడిద రంగులో ఉంది. మౌస్ 27 పైభాగం నుంచి 24కి వెళ్లడం లేదు.

వైరుమేస్త్రి – బుధవారం, సాయంత్రం 6:52

మొదటిది: హెచ్‌డీఎమ్ఐలో పెట్టిన 1080పీ మానిటర్‌ని కార్డు టీవీ అనుకుంటుంది. నలుపు నుంచి తెలుపు దాకా 0–255 మెట్ల బదులు 16–235 పంపుతుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్, చేంజ్ రిజల్యూషన్, కింద "యూజ్ ఎన్విడియా కలర్ సెట్టింగ్స్". ఫార్మాట్ ఆర్‌జీబీ, డైనమిక్ రేంజ్ "ఫుల్". అప్లై.

రెండోది: నిలువున ఒకటి 1440, ఇంకోటి 1080. కింది అంచులు కలిపి పెడితే పైన 360 పిక్సెళ్లకి పక్కన ఏమీ లేదు, మౌస్ అక్కడ గోడకి తగులుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్, మల్టిపుల్ డిస్‌ప్లేస్‌లో "ఈజ్ కర్సర్ మూవ్‌మెంట్" టిక్ పెట్టండి. పక్కనే "రిమెంబర్ విండో లొకేషన్స్" కూడా పెట్టండి, లేకపోతే మానిటర్ ఆపి వేసినప్పుడల్లా విండోలన్నీ ఒకే తెర మీదికి కుప్పపడతాయి.

యూపీఎస్ ఏముంది?

జరీఅంచు – బుధవారం, సాయంత్రం 7:05

రెండూ సరైపోయాయి. యూపీఎస్ 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు).

వైరుమేస్త్రి – బుధవారం, సాయంత్రం 7:20

చాలదు. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లు. 3060కి 170, ప్రాసెసర్ గరిష్ఠంగా 148, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకి 50–60, రెండు మానిటర్లకి మరో 50–60. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కూడా వెంటనే చేతులెత్తేస్తుంది. 1000 వీఏ / 600 వాట్లది తీసుకోండి. అందాకా 24ని యూపీఎస్ నుంచి తీసి సర్జ్ బోర్డుకి మార్చండి, అది ఆరిపోయినా పని పోదు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనక స్విచ్ "యూపీఎస్" మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. నార్మల్ మోడ్‌లో మారడానికి పట్టే సమయానికి పీసీ రీస్టార్ట్ అవుతుంది.

రెక్709 – బుధవారం, రాత్రి 9:10

ఇక రంగు కుదర్చడం. మానిటర్ వేసిన అరగంట దాకా రంగు తేల్చే పని చేయకండి, బ్యాక్‌లైట్ నిలకడకి రావాలి.

27ని రెక్ 709 లేదా ఎస్ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టండి. కొత్త మానిటర్ వెలుతురు 300 నిట్ల పైన వస్తుంది, మీకు కావలసింది 100–120. మీటరు లేకపోతే తెర పక్కన తెల్ల ఏ4 కాగితం పట్టుకుని, తెర తెలుపు కాగితం తెలుపుకి సమానమయ్యే దాకా తగ్గించండి. మొదటి రెండు రోజులు చీకటిగా అనిపిస్తుంది. వెలుతురు ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేసిన వీడియోలే టీవీలో మసకగా కనిపిస్తాయి. గామా: చీకటి గదిలో టీవీ కోసమైతే 2.4, ఫోన్లూ యూట్యూబూ అయితే 2.2. మీరు 2.2 పెట్టుకుని దాన్ని మార్చకండి.

క్యాలిబ్రైట్, డేటాకలర్ కంపెనీల రంగు కొలిచే మీటర్లలో ఏదైనా ముగ్గురు నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు, రెండు నెలలకోసారి వాడేదే కదా. ఒక మెలిక ఉంది: మీటరు తయారుచేసే ఐసీసీ ప్రొఫైల్‌ని (ఆ తెర రంగుల వివరం ఉండే ఫైలుని) ప్రీమియర్ వాడుకుంటుంది, ప్రిఫరెన్సెస్‌లో డిస్‌ప్లే కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేస్తేనే. విండోస్‌లో రిజాల్వ్ వ్యూయర్ ఆ ప్రొఫైల్‌ని పట్టించుకోదు. దానికి డిస్‌ప్లేక్యాల్ సాఫ్ట్‌వేర్‌తో 3డీ లట్ (రంగులు సరిచేసే పట్టిక) తయారుచేసి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, కలర్ మేనేజ్‌మెంట్‌లో "కలర్ వ్యూయర్ లుకప్ టేబుల్" దగ్గర పెట్టాలి. ఆ లట్ టైమ్‌లైన్ మీద వేస్తే ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లిపోతుంది, జాగ్రత్త.

24ని 27తో కలపాలని రోజులు వృథా చేయకండి. తెలుపు దగ్గరగా వస్తే చాలు. దాని మీద స్కోపులు పెట్టండి, బొమ్మ వద్దు.

పడమటి కిటికీకి దళసరి బూడిద రంగు కర్టెన్ వేయండి. సాయంత్రం నాలుగింటి ఎండ గదిలోకి పసుపుగా వస్తే కన్ను దానికి అలవాటుపడి తెర మీది బొమ్మ నీలంగా అనిపిస్తుంది, మీరు పసుపు పెంచేస్తారు. మానిటర్ వెనక గోడ ఏ రంగు?

జరీఅంచు – బుధవారం, రాత్రి 9:25

చిలకాకుపచ్చ.

రెక్709 – బుధవారం, రాత్రి 9:28

అయ్యో. మానిటర్ వెనక కనీసం ఆరడుగుల మేర బూడిద రంగు డిస్టెంపర్ కొట్టించండి. లేకపోతే మీ పెళ్లికూతుళ్లందరి మొహాలూ కాస్త గులాబీగా కనిపించి, మీరు వాటికి ఆకుపచ్చ కలుపుతూనే ఉంటారు.

చిత్తూరుటైమ్‌లైన్ – బుధవారం, రాత్రి 9:40

ఒకటి మరిచినారు. 4:2:2 ఫుటేజ్ ఆగి ఆగి ఆడితే కొత్త మానిటర్‌ని తిట్టబాక. 3060కి 4:2:2 విప్పే హార్డ్‌వేర్ లేదు, నీ ప్రాసెసర్‌లో క్విక్‌సింకూ (ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే భాగం) లేదు, బరువంతా కోర్ల మీదే. ప్రివ్యూ రిజల్యూషన్ 1/2 పెట్టు. ప్రోగ్రామ్ ప్యానెల్ వెడల్పు 1300 పిక్సెళ్లే ఉంటాది, 1920 వస్తే ఏమీ తగ్గదు. అదీ చాలకపోతే 1080పీ ప్రోరెస్ ప్రాక్సీ (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు) చేసుకో.

జరీఅంచు – గురువారం, ఉదయం 8:50

1/2లో బాగా ఆడుతోంది. ఊరేగింపు షాట్ 75 హెర్ట్జ్‌లో నున్నగా ఉంది. పెయింటర్ ఆదివారం వస్తానన్నాడు.